నాన్నగారిది మనసు జబ్బా, నరాల జబ్బా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అంబాజీపేట దగ్గర మీ నాన్నగారిది కొబ్బరికాయల వ్యాపారం. వయసు 61. 12 ఏళ్ళుగా షుగర్ జబ్బు ఉంది, దానికి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నారు. ఎనిమిది నెలలుగా కొట్టుకి వెళ్ళడం మానేశారు. రాత్రిళ్ళు నిద్ర లేదు, డబ్బు అమ్మగారు దాచేస్తున్నారని అనుమానం, ఒకప్పుడు నోటితో వేసే లెక్కలు ఇప్పుడు కాగితం మీద కూడా తప్పుతున్నారు. అరికాళ్ళు తిమ్మిరి, చీకట్లో దొడ్లోకి వెళ్తుంటే తూలుతున్నారు. ఒక డాక్టరుగారు డిప్రెషన్ అని మాత్రలు రాశారు, ఆరు వారాలైనా పెద్దగా గుణం కనపడలేదు. పెదనాన్నగారు "నరాల డాక్టరుకి చూపించండి" అంటున్నారు, అమ్మగారు తాయెత్తు కట్టించారు. ఇది మనసు జబ్బా, మెదడు జబ్బా, బోర్డు మీద న్యూరో సైకియాట్రీ అని రాసి ఉన్నచోటికి వెళ్ళాలా, అసలు ఆ మాటకి అర్థమేమిటి అని అడిగారు.

నేను సైకియాట్రిస్టుని. 26 ఏళ్ళుగా ఈ డెల్టాలోనే, గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఊళ్ళవాళ్ళకే ఎక్కువగా వైద్యం చేస్తున్నాను. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం తప్పు కాబట్టి చెప్పను. కానీ మీరు రాసినదాంట్లో మూడు మాటల దగ్గర నా చూపు ఆగిపోయింది. అరికాళ్ళ తిమ్మిరి, చీకట్లో తూలడం, 12 ఏళ్ళ మెట్‌ఫార్మిన్. చివర్లో మాటవరసకి రాసినట్టు "మా ఇంట్లో నీచు ముట్టం" అని ఇంకొకటి కూడా రాశారు. నా లెక్కలో అది నాలుగోది.

ఉత్త డిప్రెషన్ అరికాళ్ళకి తిమ్మిరి తెప్పించదు. షుగర్ తెప్పిస్తుంది, నిజమే. కానీ షుగర్ వల్ల కాళ్ళు తిమ్మిరెక్కినంత మాత్రాన మనిషి నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్యని అనుమానించడు. ఇటు మనసులో వచ్చిన మార్పునీ, అటు ఒంట్లో నరాలకి వచ్చిన మార్పునీ పక్కపక్కన పెట్టి, ఈ రెంటికీ ఒకే మూలం ఉందా అని వెతకడమే న్యూరో సైకియాట్రీ చేసే పని. ఒక్కోసారి ఒకే మూలం దొరుకుతుంది. ఒక్కోసారి రెండు వేర్వేరు జబ్బులు ఒకే మనిషికి వచ్చి ఉంటాయి. వెతక్కుండా మాత్రం ఏదీ తేల్చకూడదు.

మీ నాన్నగారి విషయంలో ముందుగా చూడాల్సింది విటమిన్ బి12. ఇది మాంసం, చేప, గుడ్డు, పాలలో ఉంటుంది. కూరల్లో, పప్పుల్లో, బియ్యంలో ఉండదు. నీచు తినని ఇళ్ళలో పాలూ పెరుగే ఆధారం, అవీ టీలో పోసుకునే పాలంత అయితే చాలవు. దానికితోడు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే పేగులు బి12ని సరిగా పీల్చుకోవు. ఇంకా మనవాళ్ళు పరగడుపునే వేసుకునే గ్యాస్ మాత్ర ఒకటుంది. అదీ ఏళ్ళ తరబడి వాడితే అదే పని చేస్తుంది. మెట్‌ఫార్మిన్ మంచి మందు, దాన్ని సొంతంగా ఆపేయకండి. దాన్ని వాడేవాళ్ళకి అప్పుడప్పుడూ బి12 చూడాలి. చాలాచోట్ల చూడటం లేదు, నా బాధ అంతా అక్కడే.

బి12 తగ్గితే నరాల మీది పొర దెబ్బతింటుంది. వెన్నుపాము వెనక భాగంలో కొన్ని దారులుంటాయి, పాదం ఎక్కడుందో, నేల ఎత్తుగా ఉందో పల్లంగా ఉందో మెదడుకి చేరవేసేవి అవే. అవి పాడైనప్పుడు పగలు మనిషికి ఏమీ తెలియదు, ఎందుకంటే కళ్ళు ఆ పని చేసిపెడతాయి. చీకటి పడగానే తూలతాడు. కాలవ రేవులో నిలబడి ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే ముందుకి పడబోయామని చెప్పినవాళ్ళని నేను చాలామందిని చూశాను. మీ నాన్నగారిని పగలు, గోడ పక్కన, మీరు పట్టుకునేంత దగ్గరగా ఉండి, పాదాలు రెండూ కలిపి నిలబెట్టి కళ్ళు మూసుకోమనండి. ఊగిపోతుంటే వెంటనే పట్టుకోండి, ఆ సంగతి డాక్టరుతో చెప్పండి.

ఇదే మాదిరిగా వచ్చిన ఒకాయన గుర్తున్నారు. పాలకొల్లు వైపు పల్లెలో రిటైరైన తెలుగు మాస్టారు. పక్కింటివాళ్ళు గోడకి చెవి పెట్టి వింటున్నారని కిటికీలన్నీ మూయించేసేవారు. "ఆయనకి మతి చలించింది, చూడండి" అని కొడుకు తీసుకొచ్చాడు. శృతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్కు, మోగించి నుదుటి మీద ఆనించాను. "జుమ్మంటోందండీ" అన్నారు. మళ్ళీ మోగించి కాలి బొటనవేలి ఎముక మీద పెట్టాను. ఫోర్కు నా వేళ్ళకి ఇంకా అదురుతూనే ఉంది. మాస్టారు నా ముఖంలోకి చూసి, "పెట్టారా అండీ?" అన్నారు. ఆ ఒక్క మాటతో అప్పటిదాకా నేను కాగితం మీద రాసుకున్నదంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. రక్తంలో బి12 బాగా పడిపోయి ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక రెండు నెలల్లో అనుమానాలు పోయాయి, కిటికీలు తెరిచారు. పాదాల మొద్దుబారడం పూర్తిగా పోలేదు, ఎందుకంటే ఆయన రావడమే ఆలస్యంగా వచ్చారు.

"రక్తం బాగానే ఉంది, హిమోగ్లోబిన్ 13 ఉంది, బి12 ఎందుకు తగ్గుతుంది?" అని ఎవరైనా అంటే వినకండి. బి12 లోపంతో నరాల లక్షణాలో, మానసిక లక్షణాలో వచ్చిన 141 మందిని పరిశీలించి 1988లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ళలో 40 మందికి రక్తహీనత గానీ, ఎర్రకణాలు ఉబ్బడం గానీ లేవు. అంటే నూటికి 28 మంది. రక్తం బాగున్నా నరాలూ, మెదడూ దెబ్బతింటాయన్నమాట.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఇక్కడ చెప్పకుండా ఉండలేను. అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసే పద్ధతి కనిపెట్టింది. ఆయన 1948లో పోయారు, బి12ని మొదటిసారి విడదీసింది కూడా ఆ ఏడాదే. ఫోలిక్ యాసిడ్ ఎంతోమంది ప్రాణాలు నిలిపింది. కానీ బి12 తక్కువున్న మనిషికి ఒక్క ఫోలిక్ యాసిడే ఇస్తే రక్తం పుంజుకుంటుంది, లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. పైకి బాగైనట్టు కనిపించడంతో అసలు జబ్బు మరుగున పడిపోతుంది. అందుకే "బలానికి" అని రాసిచ్చే మాత్రల్లో ఏముందో చూసుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: రక్తపరీక్షకి ముందు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర బలం ఇంజెక్షన్ వేయించకండి. అందులో సాధారణంగా బి12 ఉంటుంది. ఆ తర్వాత పరీక్ష చేస్తే అంకె బాగున్నట్టే వస్తుంది, డాక్టరు దాన్ని నమ్మి వదిలేస్తారు.

ఇక బోర్డుల సంగతి. రాజమండ్రి వెళ్ళినా, కాకినాడ వెళ్ళినా, భీమవరం వెళ్ళినా న్యూరో సైకియాట్రిస్ట్ అన్న బోర్డులు కనిపిస్తాయి. వాటి వెనకున్నవాళ్ళలో ఎక్కువమంది ఎం.డి. సైకియాట్రీ చదివిన నాబోటివాళ్ళే. న్యూరాలజిస్టు అంటే వేరు, ఎం.డి. తర్వాత డి.ఎం. న్యూరాలజీ చేసినవారు. "పిచ్చి డాక్టరు" దగ్గరకి వెళ్ళారని ఊళ్ళో అనుకుంటారని జనం జంకుతారు, "నరాల డాక్టరు" అంటే ధైర్యంగా వస్తారు. ఆ జంకు పోవాలని నా కోరిక, కానీ అది పోయేదాకా రోగి ఇంట్లో కూర్చోకూడదు కదా. ఏ బోర్డు చూసి వచ్చినా రావడమే మంచిది. లోపలికి వెళ్ళాక డాక్టరు మీ నాన్నగారి మాటలు విని ఊరుకున్నారా, కాళ్ళు కూడా చూశారా అన్నదే లెక్క.

ఈ రెండు శాఖలూ మొదటినుంచీ వేరు కావు. 1845లోనే జర్మనీలో గ్రీసింగర్ అనే వైద్యుడు మనసు జబ్బుల్ని మెదడు జబ్బులుగానే చూడాలని పుస్తకం రాశాడు. అప్పట్లో యూరప్ పిచ్చాసుపత్రుల్లో పెద్ద పెద్ద గొప్పలు చెప్పుకుంటూ, తర్వాత మతి పోయి, పక్షవాతంతో చనిపోయే రోగులు కొల్లలుగా ఉండేవారు. 1913లో నొగుచి, మూర్ అనే ఇద్దరు వాళ్ళ మెదడుల్లో సిఫిలిస్ క్రిమిని చూపించారు. 1917లో వాగ్నర్ యౌరెగ్ అనే సైకియాట్రిస్టు మలేరియా జ్వరం ఎక్కించి ఆ క్రిమిని చంపే ప్రయత్నం చేశాడు, 1927లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. తర్వాత పెన్సిలిన్ వచ్చి ఆ రోగం సైకియాట్రీ వార్డుల్లోంచి దాదాపు మాయమైంది. అలా కారణం తెలిసిన జబ్బులు ఒక్కొక్కటీ వేరే శాఖలకి వెళ్ళిపోయాయి, తెలియనివి మా దగ్గర మిగిలాయి. బెంగళూరులో 1974లో మానసిక ఆసుపత్రినీ మానసిక వైద్య విద్యాసంస్థనీ కలిపి నిమ్‌హాన్స్ అని పెట్టినప్పుడు, ఆ పేరులో మానసిక ఆరోగ్యం, నాడీశాస్త్రాలు రెండూ పక్కపక్కన చేర్చారు. నేను కొంతకాలం అక్కడ నేర్చుకున్నాను. ఒకే మంచం దగ్గర రెండు శాఖలవాళ్ళూ నిలబడి వాదించుకోవడం చూశాను. మన ఊళ్ళలో అది లేదు. ఇక్కడ రోగే ఈ తలుపు నుంచి ఆ తలుపుకి చీటీలు మోసుకుంటూ తిరగాలి.

కాబట్టి "మనసా, మెదడా" అన్న ప్రశ్నని కాస్త పక్కన పెట్టి, ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా వచ్చింది, దాంతోపాటు ఒంట్లో ఇంకేం మారింది అని అడగండి. నా 26 ఏళ్ళలో ఏ స్కానింగూ చెప్పనంత ఈ మూడు ప్రశ్నలకి ఇంట్లోవాళ్ళు ఇచ్చిన జవాబులే చెప్పాయి.

గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో పెద్దవయసు మనిషి మాట తీరు మారిపోతే అది దాదాపు ఎప్పుడూ ఒంట్లో జబ్బే. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, సోడియం పడిపోయి ఉండవచ్చు, షుగర్ తగ్గి ఉండవచ్చు, కొత్తగా వేసిన మాత్ర కావచ్చు. నిన్నటిదాకా బాగున్న ముసలాయన సాయంత్రానికి దుప్పటి మీద లేని దారాలు ఏరుతూ, చనిపోయిన తమ్ముణ్ణి పిలుస్తూ ఉంటే "పోయేకాలం వచ్చింది, తమ్ముడు పిలుస్తున్నాడు" అని చుట్టాలు చేరతారు. దయచేసి అలా కూర్చోకండి. వారాల పేర్లు వెనక్కి చెప్పమనండి, ఆదివారం, శనివారం, శుక్రవారం అంటూ. ఎప్పుడూ తడుముకోకుండా చెప్పే మనిషి రెండు పేర్లకే దారి తప్పి కిటికీ వైపు చూస్తుంటే ఆసుపత్రికి బయల్దేరాలి. ఈ పరీక్షకి డబ్బూ అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు.

మన దగ్గర దీనికో కాలం కూడా ఉంది. ఏటా కనుమ వెళ్ళిన రెండు మూడు రోజులకి మా వార్డు నిండుతుంది. భోగి నుంచి కోడిపందేల దగ్గర తిండి లేకుండా తాగి, పండగ అయిపోగానే ఒక్కసారిగా ఆపేస్తారు. 48 గంటలు దాటాక చేతులు వణకడం, చెమటలు, గోడ మీద పురుగులు పాకుతున్నాయని పరుగులు. "పందెం పాకల దగ్గర గాలి సోకింది" అంటారు. ఇది ప్రాణాంతకం, ఆ రాత్రే ఆసుపత్రిలో ఉండాలి. ఇలాంటి మనిషికి నీరసంగా ఉన్నాడని ముందుగా గ్లూకోజు సీసా ఎక్కించడం ప్రమాదం. బి1, అంటే థయమిన్, ముందు ఇవ్వాలి. ఒంట్లో బి1 అడుగంటిన మనిషికి ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన భాగం శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఆ తర్వాత మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, పొద్దున్న ఏం తిన్నాడో మాత్రం గుర్తుండదు. ఒకప్పుడు బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినడం వల్ల బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం మన ఉత్తర సర్కారు జిల్లాలు. అదీ ఈ బి1 కొరతే. తిండి మారాక ఆ జబ్బు పోయింది, ఇప్పుడు అదే కొరత సారా రూపంలో వస్తోంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన మూడో ఏడు. రాజోలు వైపు నుంచి 19 ఏళ్ళ డిగ్రీ అమ్మాయిని తీసుకొచ్చారు. వారం రోజులు జ్వరం, తలనొప్పి. తగ్గాక నిద్రపోవడం మానేసింది, నవ్వేది, ఏడ్చేది, దేవుడు తన నోట మాట్లాడుతున్నాడనేది. అప్పటికే వేపమండలతో కొట్టించారు, చేతుల మీద వాతలు ఉన్నాయి. నాకు కోపం వచ్చింది, ఆ కోపంలో జ్వరం సంగతి సరిగా అడగలేదు. పరీక్షల ఒత్తిడి వల్ల వచ్చిన సైకోసిస్, అంటే వాస్తవంతో సంబంధం తెగిపోయే మనసు జబ్బు, అనుకుని మందు మొదలుపెట్టాను. మూడో రోజుకి కొయ్యలా బిగుసుకుంది. ఏమీ తినకపోయినా నోరు నమిలినట్టు ఆడుతూనే ఉంది. ఆ నోటి కదలిక నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. మందు సరిపోలేదనుకుని ఇంకా పెంచాను. నాలుగో రోజు ఫిట్స్ వచ్చాయి. పెద్దాసుపత్రికి పంపాను, అక్కడ మూడో వారంలో చనిపోయింది.

ఆమెది ఏ జబ్బో ఇప్పుడు రుజువు చేయలేను. కానీ 2007లో జోసెప్ డాల్మావ్ అనే వైద్యుడి బృందం ఒక మెదడువాపు గురించి రాసింది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడు కణాల మీదున్న ఎన్‌ఎండీఏ గ్రాహకాల (కణాలు సంకేతాలు అందుకునే చోట్లు) మీద దాడి చేయడం, ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకి రావడం, కొందరిలో అండాశయంలో గడ్డ దానికి మూలం కావడం. ముందు జ్వరం, తర్వాత అచ్చం పిచ్చి లక్షణాలు, తర్వాత ఫిట్స్, నోటి కదలికలు, బిగుసుకుపోవడం. ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భూతవైద్యుడి దగ్గర ఆ పిల్లకి రెండు రోజులు పోయాయి, నా దగ్గర నాలుగు రోజులు పోయాయి.

తర్వాత చాలా ఏళ్ళకి అదే వయసు అమ్మాయి అవే లక్షణాలతో వస్తే ఆ పూటే పంపేశాను. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు, అండాశయంలో గడ్డ తీశారు, రక్షణ వ్యవస్థ దాడిని అణచడానికి స్టీరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చారు. కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది, తిరిగి చదువుకుంది. కాబట్టి ఇది చదివే ప్రతివాళ్ళకీ చెప్తున్నాను. ఇంతకుముందు ఏ మానసిక సమస్యా లేని కుర్రవాళ్ళలో రోజుల్లో ప్రవర్తన మారి, దానికి ముందు జ్వరం గానీ, వెంట ఫిట్స్, వింత కదలికలు, బిగుసుకోవడం, మగత గానీ ఉంటే అది తెల్లారేదాకా ఆగే జబ్బు కాదు. వెన్నులో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయని భయపడి పరీక్ష వద్దని సంతకం పెట్టి వచ్చేస్తారు. తగిన జాగ్రత్తతో చేస్తే కాళ్ళు పడిపోవు. రెండు మూడు రోజులు తలనొప్పి ఉండవచ్చు, అంతే.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. కొందరు ఫిట్స్‌లా కొట్టుకుంటారు, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటారు, అరగంట సాగుతుంది, ఈఈజీలో, అంటే మెదడు విద్యుత్ తరంగాల పరీక్షలో, మూర్ఛ గుర్తులు ఉండవు. ఇంకొందరికి కాలు పడిపోతుంది, కానీ రెండో కాలు ఎత్తమంటే ఈ "పడిపోయిన" కాలి మడమ మంచాన్ని గట్టిగా నొక్కుతుంది. వీళ్ళని నటిస్తున్నారని తిట్టి పంపేయడం చూశాను, ఉల్లిపాయ వాసన చూపించి ఛాతీ మీద గిచ్చడం చూశాను. నటన కాదండీ. మెదడు కట్టుబడి బాగానే ఉంది, అది పనిచేసే తీరులో తేడా వచ్చింది. ఆ మడమ కదలికని వాళ్ళకే చూపించి, "మీ కాలికి బలం ఉంది, మెదడుకి దాన్ని పిలవడం కుదరట్లేదు" అని చెప్తే చాలామందికి అదే వైద్యానికి మొదటి మెట్టు.

స్కానింగ్ గురించి కూడా మీరు తెలుసుకోవాలి. "ఎమ్మారై తీయించాం, ఏమీ లేదన్నారు, మరి జబ్బే లేదా?" అని అడుగుతారు. ఎమ్మారై మెదడు ఆకారం చూపిస్తుంది. గడ్డ, నెత్తురు గడ్డకట్టడం, కుంచించుకుపోవడం కనిపిస్తాయి. డిప్రెషన్, స్కిజోఫ్రెనియా ఒక మనిషి స్కానింగ్‌లో చూసి చెప్పగలిగేవి కావు. బి12 లోపంలో కూడా అది మామూలుగానే ఉండవచ్చు. అయినా మీ నాన్నగారికి ఒకసారి స్కానింగ్ అవసరమే అనిపిస్తోంది. ఈ ఏడాదిలో ఆయన బండి మీంచి గానీ, కొట్టు మెట్ల మీంచి గానీ పడ్డారా? చిన్న దెబ్బే అనుకుని మరచిపోయి ఉంటారు, గుర్తు చేసుకోండి. పెద్దవయసులో పుర్రె లోపల నెత్తురు వారాల తరబడి నెమ్మదిగా చేరి, మనిషి మందగించి, నడక తప్పి, అచ్చం మతిమరుపులా కనిపిస్తుంది. ఆపరేషన్‌తో బాగయ్యే జబ్బు అది.

ఉన్న మాత్రల్ని మాత్రం ఆపకండి. నాన్నగారికి డిప్రెషన్ కూడా ఉండవచ్చు, బి12 లోపంతో పాటే ఉండవచ్చు. ఆ డాక్టరుగారు తప్పు చేశారని నేను అనడం లేదు. హఠాత్తుగా ఆపితే కళ్ళు తిరగడం, చిరాకు, నిద్రలేమి ఎక్కువవుతాయి. డబ్బు విషయంలో ఆయనతో వాదించవద్దని అమ్మగారికి చెప్పండి. "నేను తీయలేదు" అని నూరుసార్లు చెప్పినా ఆయనకి చేరదు, "కంగారుగా ఉందా, కలిసి వెతుకుదాం" అంటే కాస్త చేరుతుంది. తాయెత్తు ఉండనివ్వండి, దాన్ని తీసేయించి ఆవిడతో గొడవపడితే రేపు ఆసుపత్రికి కూడా రానంటారు.

ఒకటి అడక్కుండా వదలలేను. "బతికి ఏం లాభం" లాంటి మాట ఆయన నోట వచ్చిందా? రాకపోయినా మీరే నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అబద్ధం. చేలోకి కొట్టే పురుగుమందు డబ్బాలు ఇంట్లో, గొడ్ల సావిట్లో ఉంటే ఈరోజే తీసేయించండి. మన డెల్టాలో ప్రతి రెండో ఇంట్లో చూరుకి ఒక డబ్బా వేలాడుతూ ఉంటుంది, ఆ దగ్గరతనమే ఎంతమందిని తీసుకుపోయిందో నా కళ్ళతో చూశాను. రాత్రివేళ భయమేస్తే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

కొందరు నన్ను "సర్టిఫికెట్‌లో మానసిక జబ్బు అని రాయకండి, నరాల జబ్బు అని రాయండి, ఇన్సూరెన్స్ రాదు" అని బతిమాలతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బుకి కూడా ఒంటి జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలి. మీకు అలాంటి పరిస్థితి వస్తే ఆ చట్టం పేరు చెప్పి అడగండి.

ఇక ఎవరి దగ్గరకి అంటే, మొదట మంచి జనరల్ ఫిజీషియన్ దగ్గరకి గానీ, చేత్తో తాకి పరీక్ష చేసే సైకియాట్రిస్టు దగ్గరకి గానీ వెళ్ళండి, మీకు అమలాపురమే దగ్గర. బి12, థైరాయిడ్, సోడియం, మూడు నెలల షుగర్, మూత్రపిండాలు, కాలేయం, సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు ముందు అయిపోవాలి. చివరి రెండింటికీ ముఖం చిట్లించుకోకండి, ఈ వయసులో ఈ లక్షణాలకి అందరికీ చేసేవే. నడకలో తేడా గట్టిగా తేలినా, వీటన్నిట్లో ఏమీ దొరక్కపోయినా అప్పుడు కాకినాడో రాజమండ్రో వెళ్ళి న్యూరాలజిస్టుకి చూపించండి. బి12 తక్కువని తేలితే ఇంజెక్షన్లు మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత దూరం దూరంగా ఇస్తారు. మనసు కుదుటపడటం వారాల్లో మొదలవుతుంది, కాళ్ళకి ఆరు నెలలు పైన పట్టవచ్చు. "బాగైపోయింది" అని నాలుగు ఇంజెక్షన్లకే మానేయకండి.

వెళ్ళేముందు ఒక కాగితం మీద తేదీలు రాయండి. తిమ్మిరి ఎప్పుడు మొదలైంది, లెక్కలు తప్పడం ఎప్పుడు, అమ్మగారి మీద అనుమానం ఎప్పుడు, ఏది ముందు ఏది వెనక. తేదీ గుర్తు లేకపోతే "వాడపల్లి వెళ్ళొచ్చిన వారం", "దసరాకి ముందు" అని రాసినా చాలు. మాత్రల చీటీలు కాకుండా మాత్రల అట్టలే సంచిలో వేసుకెళ్ళండి, గ్యాస్ మాత్రతో సహా. ఆ కాగితం డాక్టరు బల్ల మీద పెట్టండి. చూడటం అయిపోయిందని వాళ్ళు అన్నాక కూడా, నాన్నగారి చెప్పులు విప్పించి, ట్యూనింగ్ ఫోర్కు ఒకసారి బొటనవేలి మీద పెట్టి చూడమని మీరే అడగండి.